రెండో తొక్కుకు పైకొచ్చిన పెడల్

ఒడిశాలోని సుంకి ఘాట్ రోడ్డు దిగుతుండగా పాత జీపు బ్రేక్ పెడల్ మొదటి తొక్కుకు నేలదాకా వెళ్ళి, రెండో తొక్కుకు పైనే గట్టిగా నిలిచింది. పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చి చక్రాలకు పంపే మాస్టర్ సిలిండర్‌ను మార్చమని దగ్గర్లోని పొట్టంగిలో చూసినవారందరూ చెప్పారు. కానీ దాని సీలు పోతే అదిమి ఉంచిన పెడల్ నెమ్మదిగా దిగుతుంది, ఆయిల్‌లో గాలి చేరితే మెత్తగా ఆడుతుంది, ఇక్కడ ఆ రెండూ లేవు.

షూలు (చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలినుంచి నొక్కి ఆపే ముక్కలు) డ్రమ్ముకు దూరమయ్యాయేమోనని, అవి రాసుకునేదాకా బిగించి, చక్రం తేలిగ్గా తిరిగేంత వదిలితే పెడల్ ఎత్తు చాలావరకు తిరిగి వచ్చింది.

వెనుక ఎడమ చక్రంలో షూలను తోసే చిన్న సిలిండర్ నుంచి మాత్రం ఆయిల్ చెమర్చింది. ఆయిల్ తగిలిన లైనింగును (షూ మీది రాపిడి పొరను) కడిగి వాడుకోవచ్చని మేస్త్రి అన్నాడు. నేను ఒప్పుకోక సిలిండర్‌తోపాటు రెండు వైపులా షూలు మార్పించాను.

డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీస మరుగుస్థానం 205 డిగ్రీల సెల్సియస్, తేమ పీల్చాక 140. అందువల్ల అదీ కొత్తదే పోయించాను. ముందు చక్రాలకు ఆయిల్ తీసుకెళ్ళే రబ్బరు హోసులు ఉబ్బాయేమో రేపు చూడాలి.