టర్బో పోలేదు, పోయింది బ్రీదరు

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే ఫ్యాను) ఉన్న కారు కింద నూనె మరక కనిపిస్తే చాలు, చూసినవాళ్లంతా "టర్బో పోయింది" అనేస్తారు. మా కారుకీ అదే మాట పడింది. సెకండ్ హ్యాండులో కొన్న నాలుగు సిలిండర్ల పెట్రోలు టర్బో. గుంటూరులో ఆఫీసుకీ, సెలవు దొరికితే విజయవాడలో అమ్మ వాళ్లింటికీ నేనే నడుపుతాను. ఎండలు ముదిరాక సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు వణకడం, ఏసీ వేయగానే ఆర్‌పీఎం పడిపోయి మళ్లీ లేవడం మొదలైంది. అదే సమయంలో పార్కింగులో నూనె చుక్కలు.

మొదట చూపించిన చోట రెండింటికీ వేర్వేరు వైద్యాలు రాశారు. వణుకుకి ప్లగ్గులు, కాయిళ్లు. కారుతున్నదానికి గేర్‌బాక్స్ దించి క్రాంకు (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) వెనక నూనె ఆపే సీలు. టర్బో సంగతి ఆ తర్వాత చూద్దామన్నారు. ఎస్టిమేటు చూసి మావారు "అమ్మేద్దామా?" అన్నారు. నాకేమో రెండు రోగాలూ జంటగా ఎందుకొచ్చాయా అని అనుమానం.

రాత్రుళ్లు ఇంజిన్ కింద ఓ అట్టముక్క పరిచాను. ఊళ్లోనే తిరిగిన రోజు పొద్దునకి అట్ట పొడిగా ఉండేది. హైవే మీద లారీలను దాటుకుంటూ విజయవాడ వెళ్లొస్తే మాత్రం చుక్కలే చుక్కలు. ఊరికే అరిగిపోయిన సీలయితే ఊళ్లోనూ కాస్తోకూస్తో కారాలి కదా! బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) ఎక్కినప్పుడే కారుతోందంటే, క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ అడుగున నూనె ఉండే గదిలోకి) రాకూడని ఒత్తిడి ఎక్కడినుంచో వస్తోందన్నమాట.

వణుకు సంగతి కారు కంప్యూటరులోని అంకెలు చదివే ఓబీడీ స్కానర్ చెప్పింది. కొన్ని వందలకి దొరికే బ్లూటూత్ ముక్క అది, ఫోనుకి కలుపుకోవచ్చు. చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. ఒక వంతు పెట్రోలుకి బరువు లెక్కన 14.7 వంతుల గాలి ఉండాలి. ఆ పాళ్లు తప్పితే కంప్యూటరు పెట్రోలుని ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో ఈ అంకెలో కనిపిస్తుంది. మా కారుకి ఐడ్లింగ్‌లో (కారు ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) +21 శాతం ఉంది, అంటే అంత పెట్రోలు అదనంగా పోస్తోంది. అదే 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే +5కి దిగింది. ఈ తేడాలోనే గుట్టంతా ఉంది. సెన్సరు లెక్కలోకి రాకుండా ఎక్కడో చిల్లులోంచి గాలి దూరుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చేదే కొంచెం కాబట్టి ఆ దొంగగాలి వాటా పెద్దదిగా తేలుతుంది, వేగం పెరిగితే కలిసిపోతుంది. పెట్రోలు పంపు నీరసించి ఉంటే వరస తిరగబడేది, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగేది. (ఇది గాలిని కొలిచే మాఫ్ సెన్సరున్న కార్ల లెక్క. గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సరు ఒక్కటే ఉన్న కార్లలో చిల్లు పడితే ఎక్కువగా ఐడ్లింగ్ వేగమే పైకి పోతుంది.)

ఈ రెండు సంగతులూ పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి వెళ్లాను. పెద్దమేస్త్రి ఫోను వైపు చూడనేలేదు. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, "మేడం, ఆయిల్ క్యాప్ తీయండి" అన్నారు. తిప్పగలిగాను గానీ పైకి రాలేదు, లోపలినుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు బిగుసుకుపోయింది. సన్నగా ఈల లాంటి శబ్దం. ఆయన డిప్‌స్టిక్ కాస్త పైకి లాగగానే ఈల ఆగిపోయింది. "టర్బో కాదు మేడం, బ్రీదరు."

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాసు ఎప్పుడూ క్రాంక్‌కేసులోకి జారుతుంటుంది. దాన్ని బయటికి లాగేది బ్రీదరు. ఐడ్లింగ్‌లో మ్యానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) ఒత్తిడి 35 కిలోపాస్కల్ దరిదాపుల్లో ఉంటే బయటి గాలిది 101. ఆ తేడాయే గ్యాసుని పీలుస్తుంది. ఆ పీల్పు శ్రుతి మించకుండా ఒక రబ్బరు పొర అదుపు చేస్తుంది. బూస్ట్‌లో కథ అడ్డం తిరుగుతుంది. మ్యానిఫోల్డ్‌లోనే ఒత్తిడి బయటికన్నా పెరుగుతుంది కాబట్టి ఒక చిన్న వాల్వు ఆ దారి మూసేసి గ్యాసుని టర్బో ముందున్న పైపులోకి మళ్లించాలి. మా కారులో పొర, వాల్వు రెండూ ఇంజిన్ పైమూత, అంటే టాపెట్ కవర్‌లోనే కలిసి ఉన్నాయి. పొర చిరిగితే ఐడ్లింగ్‌లో బయటి గాలి దూరుతుంది, ఇంజిన్ వణుకుతుంది. వాల్వు మూసుకోకపోతే బూస్ట్ నేరుగా క్రాంక్‌కేసులోకి తన్ని, దారి దొరికినచోటల్లా నూనెని బయటికి నెడుతుంది. అలాంటప్పుడు కొత్త సీలు వేసినా దాన్నీ అలాగే తోస్తుంది.

స్మోక్ మిషన్ పెట్టి చూపించమని పట్టుబట్టాను. ఇంటేక్‌లోకి పొగ పంపిన కాసేపటికి టాపెట్ కవర్ మీదున్న సన్నటి రంధ్రంలోంచి తీగలా పైకి లేచింది. ఇంటర్‌కూలర్ పైపు (టర్బో గాలిని చల్లబరిచే భాగానిది) దగ్గర కూడా కాస్త పొగ కనిపించింది, క్లిప్ వదులైంది. ఆ చిల్లు పికప్ తినేస్తుందే గానీ, మా వణుకుతో దానికి సంబంధం లేదు. అదే పైపులో పల్చగా నూనె తడి ఉంది. మేస్త్రి తుడిచి పక్కన పెట్టేశారు, ఆ మాత్రం తడి మామూలేనట. టర్బో షాఫ్టుని వేళ్లతో కదిపి చూపించారు. పక్కలకి పిసరంత ఆట ఉంది, ముందుకీ వెనక్కీ లేదు, రెక్కలు గోడకి తగల్లేదు. కొందరు కార్బ్ క్లీనర్ కొడుతూ చిల్లు వెతుకుతారు. వేడెక్కిన టర్బో పక్కన ఆ పని నేనైతే చేయనివ్వను, అంటుకుంటే ఆర్పేవాడుండడు.

కవర్ మొత్తం ఒకే పార్టు. ప్యాకింగుతో కలిపి పన్నెండు వేలు దాటింది. పొర ఒక్కటే విడిగా తక్కువకి దొరుకుతుందన్నారు గానీ, వాల్వు కూడా పోయిందిగా, ఒప్పుకోలేదు. ఇప్పుడు ఐడ్లింగ్ ట్రిమ్ +3. హైవే మీదినుంచి వచ్చినా చుక్క పడటం లేదు. క్రాంకు సీలుని ఎవరూ ముట్టుకోలేదు.

ఇంకొకటి మిగిలింది. ఇది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్, పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది, గాలి లోపలికి వచ్చే ఇంటేక్ వాల్వుల మీద పడదు, వాటిని కడగదు. బ్రీదరు పంపిన నూనె ఆవిరంతా అక్కడే మాడి పేరుకుంది, కెమెరా పెడితే నల్లగా కనిపించింది. వాల్‌నట్ పొడి కొట్టి శుభ్రం చేస్తారట. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ మిస్సయితే (ఏదైనా సిలిండర్ సరిగా మండకపోతే) చేయిద్దాం, ఇప్పుడే ఎందుకన్నారు మేస్త్రి. సరేనన్నాను.