శుక్రవారం మధ్యాహ్నం లోక్‌సభలో

"ప్రశ్నోత్తరాలకి దొరకలేదు సార్. శుక్రవారం మధ్యాహ్నానికి ఇచ్చారు పాసులు" అని ఎంపీగారి పీఏ ఫోన్లో చెప్పగానే మాస్టారి మొహం వాడిపోయింది. మాస్టారంటే నాకు ఎనిమిదో తరగతిలో సాంఘికం చెప్పినాయన. రిటైరై పదిహేనేళ్లయింది. పదకొండు గంటలకు సభ మొదలవడం, మంత్రులు లేచి జవాబులు చెప్పడం, అరుపులు, కేకలు... చూస్తే అవే చూడాలని ఆయన కోరిక. "శుక్రవారం మధ్యాహ్నం అక్కడ ఏముంటుందయ్యా, సగంమంది ఊళ్లకు పోతుంటారు" అన్నారు. అన్నారే గానీ ఆ సాయంత్రమే బట్టలు సర్దుకున్నారు.

మేం వెళ్లింది ఊరికే చూసిరావడానికి కాదు. మా పేటలో అంగన్‌వాడీ ఒక అద్దె గదిలో నడుస్తోంది. గది ముందు మురుక్కాల్వ, దాని మీద అడ్డంగా వేసిన తాటి దుంగ. మూడేళ్ల పిల్లలు ఆ దుంగ మీద నుంచే రావాలి. ఒక చేత్తో ఆయా చెయ్యి, ఇంకో చేత్తో జారిపోతున్న నిక్కరు పట్టుకుని వస్తారు. పిల్లల్లో ముప్పాతిక మంది ఇళ్లలో ఉర్దూయే. టీచరు గుడ్డు చూపించి "ఇదేమిటి?" అంటే అందరూ ఒక్కసారిగా "అండా!" అంటారు. "గుడ్డు" అని ఆమె దిద్దుతుంది. పిల్లలు "గుడ్డు" అనేసి అండా తినేస్తారు. అక్కడొక సొంత భవనం, కాల్వ మీద కల్వర్టు, ఉర్దూ వచ్చిన ఒక మనిషి. మా అర్జీలో ఉన్నవి ఈ మూడే.

నాగపూర్ దాకా రైలు బాగానే నడిచింది. ఝాన్సీ దాటాక పొగమంచు. కిటికీలోంచి చూస్తే పక్క పట్టాలు కూడా కనిపించడం లేదు. మాస్టారు టీ తాగుతూ ఎంపీగారి ప్రశ్నల చిట్టా తీశారు. మా మనవడు వెబ్‌సైట్‌లోంచి దించి ప్రింటు తీసిచ్చాడు. మా ఎంపీ టీవీలో పెద్దగా కనిపించరు. ఊళ్లో ఆయన మీద ఉన్న ఫిర్యాదు కూడా అదే. కాగితాల్లో మాత్రం ఆయన వేరే మనిషి. అంగన్‌వాడీల మీద, ఉపకార వేతనాల మీద, మా జిల్లా రోడ్ల మీద వరసగా ప్రశ్నలు. దాదాపు అన్నీ నక్షత్రం లేనివే. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకే నక్షత్రం దక్కుతుంది, అంటే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పేవి. మిగతా 230 ప్రశ్నలకూ రాతపూర్వక జవాబులే. పదిహేను రోజుల ముందు నోటీసిచ్చి, లాటరీలో పేరు తగిలితే గానీ ఆ వరసలోకి కూడా రావు. అంగన్‌వాడీ సిబ్బంది భాష గురించి ఎంపీగారు అడిగినదానికి వచ్చిన జవాబు మూడు వాక్యాలు. నియామకాలు రాష్ట్రాల చేతిలో ఉన్నాయని దాని సారాంశం. మాస్టారు దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీశారు. అలవాటు చొప్పున మార్కులు కూడా వేస్తారేమో అనుకున్నాను.

ఆరు గంటలు ఆలస్యంగా దిగాం. ప్రశ్నోత్తరాలకు పాసు దొరికి ఉంటే అది స్టేషన్ బయటే చెల్లిపోయేది. ఆ మాట నేను పైకి అనలేదు, మాస్టారే అన్నారు. ఆంధ్రాభవన్‌లో పప్పు, గోంగూర, ఎర్ర కారప్పొడి వేసుకుని ఆదరాబాదరా తిని, ఆటో ఎక్కాం.

గుండ్రటి పాత భవనం ముందు కనిపించింది. 1927లో తెరిచారు. చుట్టూ 144 స్తంభాలని మాస్టారు మాకు బళ్లో చెప్పిన పాఠం. ఇప్పుడు దాని పేరు సంవిధాన్ సదన్. సభ జరిగేది 2023 మేలో ప్రారంభించిన పక్కనున్న త్రికోణపు కొత్త భవనంలో. ఆ ఏడాది డిసెంబరు 13న సందర్శకుల గ్యాలరీలోంచి ఇద్దరు సభలోకి దూకిన సంగతి అందరికీ తెలిసిందే. అప్పటినుంచి తనిఖీ గట్టిపడింది. ఫోన్లు, సంచులు, మాస్టారి ఎర్ర పెన్ను, అన్నీ బయటే. పెన్ను ఇచ్చేటప్పుడు ఆయన పడిన అవస్థ ఫోన్ ఇచ్చేటప్పుడు నేను కూడా పడలేదు.

గ్యాలరీలో కూర్చోగానే కాలు మీద కాలు వేసుకున్నాను. సిబ్బందిలో ఒకాయన ఎక్కణ్నుంచి వచ్చాడో, వంగి నా మోకాలి వంక చూపు విసిరాడు. దించేశాను. కింద ఆకుపచ్చ తివాచీ, అర్ధచంద్రాకారంలో వరసలు. 888 మంది పట్టే సభలో మనుషులు అక్కడక్కడా విసిరేసినట్టున్నారు. కోరానికి, అంటే సభ నడవడానికి, కనీసం 55 మంది ఉండాలి. లెక్కపెట్టడం మొదలెట్టాను. నలభై దాటాక ఒకరు లేచి వెళ్లారు, ఇద్దరు వచ్చారు, లెక్క తప్పింది. మళ్లీ మొదలెట్టలేదు.

శుక్రవారం సభలో చివరి రెండున్నర గంటలు మంత్రులు కాని సభ్యులవి. ఒక శుక్రవారం వాళ్ల బిల్లులు, మరో శుక్రవారం తీర్మానాలు. మాకు తగిలింది బిల్లుల వారం. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన పేరు పిలుస్తారు, సభ్యుడు లేచి బిల్లు ప్రవేశపెట్టడానికి అనుమతి కోరతాడు, 'ఆయ్' (సరే) అని నాలుగు గొంతులు, 'ప్రవేశపెడుతున్నాను' అని ఆయన, కూర్చోవడం. అంతా కలిపి అర నిమిషం. తరవాతి పేరు. పిల్లల సంరక్షణ మీద ఒకరిది, రాజ్యాంగ సవరణ ఇంకొకరిది, ఆ తరవాత ఒకేసారి మూడు పెట్టినవారు. తిరునాళ్లలో దేవుడి ముందు కొబ్బరికాయలు కొట్టి వరస కదిలినట్టు కదిలిపోయింది. ఎవరి కాయ మంచిదో, ఎవరిది కుళ్లిందో చూసే తీరిక ఎవరికీ లేదు.

ఇలా పెట్టిన వేల బిల్లుల్లో స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైనవి 14. చివరిది 1970లో. దాన్ని తెచ్చిన ఆనంద్ నారాయణ్ ముల్లా మాజీ హైకోర్టు జడ్జీ, ఉర్దూ కవి కూడా. ఇది చదివి నేను రైల్లోనే నిరుత్సాహపడ్డాను. మాస్టారు మాత్రం ఆ 14 పేర్లూ వేలు పెట్టి చదువుకుంటూ పోయారు. మొట్టమొదటిది ముస్లిం వక్ఫ్ బిల్లు. సయ్యద్ మహమ్మద్ అహ్మద్ కాజ్మీ 1952లో పెట్టింది, 1954లో చట్టమైంది. తరవాత 1995లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఇంకొకటి స్త్రీలు, పిల్లల ఆశ్రమాలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. స్వతంత్ర సభ్యురాలిగా గెలిచిన టెహ్రీ గఢ్వాల్ రాజమాత కమలేందుమతి షా తెచ్చారు, 1956లో చట్టమైంది. అనాథాశ్రమాల పర్యవేక్షణకు కైలాస్ బిహారీ లాల్ తెచ్చినది 1960లో. "చూశావా, 14లో మూడు మన అర్జీలో ఉన్నవాళ్ల కోసమే. ఓట్లు వేయని పిల్లల కోసం రెండు" అన్నారు మాస్టారు. నేను ఆ లెక్క అలా చూడలేదు.

మేం చూసిన చర్చలో ఒక సభ్యుడు నలభై నిమిషాలు మాట్లాడాడు. హిందీ. సగం నాకు అర్థం కాలేదు, అంకెలన్నీ అర్థమయ్యాయి. ఎవరూ అడ్డు తగల్లేదు, కేకలు లేవు. ఇద్దరు నిజంగానే వింటున్నారు, ఒకరు నోట్సు రాసుకుంటున్నారు. చివర్లో మంత్రి లేచి ప్రభుత్వం పరిశీలిస్తుంది, బిల్లు ఉపసంహరించుకోండి అంటారట. సభ్యుడు సరేనంటాడట. అది చూసే వేళకు మా సమయం అయిపోయింది. బయటికి నడుస్తూ "కేకలు లేకపోతే భలే ఉందయ్యా" అన్నారు మాస్టారు.

మర్నాడు ఎంపీగారిని ఆయన ఫ్లాటులో కలిశాం. రైలు టికెట్ల సిఫారసుకు వచ్చినవాళ్లు ముగ్గురు, బదిలీకి వచ్చినాయన ఒకరు, తరవాత మేం. అర్జీ చివరిదాకా చదివారు. అది చూసే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

"ఉర్దూ మనిషి సంగతి మళ్లీ అడుగుతాను, ఈసారి సభ నియమాల్లో 377 కింద. రెండువందల యాభై మాటల్లో రాసివ్వాలి. మీరే రాయండి మాస్టారూ, మీకు బాగా వస్తుంది. అమ్మ భాషలో ప్రాథమిక విద్య అని రాజ్యాంగంలో 350ఎ అధికరణ ఉంది, అది వదలొద్దు" అన్నారు.

భవనానికి ఎంపీల్యాడ్స్, అంటే నియోజకవర్గం పనులకు ఎంపీ పేరున వచ్చే నిధులు అడిగాం. ఏడాదికి 5 కోట్లు వస్తాయని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ డబ్బు ఆయన చేతికి రాదని, ఆయన సిఫారసు మాత్రమే చేస్తారని, మంజూరు చేయడం, పని చేయించడం కలెక్టరుదని చాలామందికి తెలియదు. అందులో కనీసం 15 శాతం ఎస్సీలున్న ప్రాంతాలకు, ఏడున్నర శాతం ఎస్టీలున్న ప్రాంతాలకు పెట్టాలి. మాస్టారు అక్కడికక్కడే భాగించారు. "ఏడు అసెంబ్లీలకు పంచితే ఒక్కోదానికి 71 లక్షలు."

"అందులో బస్‌షెల్టర్లకే సగం అడుగుతారు" అని నవ్వి, "స్థలం ఎవరి పేరున ఉంది?" అన్నారు.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండు సెంట్ల ఖాళీ. పంచాయతీదని మా నాన్న కాలం నుంచీ అందరూ అంటారు. కాగితం చూసినవాళ్లు లేరు.

"సభలో మాట్లాడమంటే ఈ వారమే నోటీసిస్తాను. ఆ కాగితం మాత్రం నేను పుట్టించలేను. అది తెచ్చుకోండి, లెటరు ఇప్పుడే ఇచ్చేస్తా" అని పీఏని పిలిచారు.

తిరుగు ప్రయాణంలో మాస్టారు పై బెర్తు మీద పడుకుని 377 నోటు రాశారు. మొదటిసారి ఆరువందల మాటలొచ్చాయి. తాటి దుంగ గురించే వంద మాటలు. బల్లార్షా వచ్చేసరికి 310. కాజీపేటలో 260. ఆ పది మాటల కోసం విజయవాడ దాకా కొట్టుకున్నాం. 'గౌరవనీయులైన' అన్నది రెండుచోట్ల తీసేశాం, 'అత్యంత' మూడుచోట్ల. చివరికి "నిక్కరు పట్టుకుని" కూడా పోయింది. నాకైతే అది పోకుండా ఉండాల్సింది.

సర్వేయరు పది రోజులకు వచ్చాడు. గొలుసు ఒక చివర మాస్టారే పట్టుకున్నారు. రెండు సెంట్లు అనుకున్నది ఒకటీ ముప్పాతికే తేలింది. పాతిక సెంటు పక్క గోడలోకి పోయింది. గోడ ఎవరిదని అడిగితే చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ మాట్లాడలేదు. అది మాస్టారి మేనల్లుడిది.