అరమండి లాగ్: ఎడమ మోకాలి చిప్ప ఇంకా లొంగలేదు

భరతనాట్యంలో అరమండి (మోకాళ్ళు పక్కలకి తెరిచి సగం కూర్చునే భంగిమ) సాధనలో మూడో కాలం, అంటే మూడు వేగాల్లో అన్నిటికన్నా చురుకైనది, అందుకోగానే ఎడమ చిప్ప చుట్టూ మళ్ళీ అదే నొప్పి. నిజంగా విసుగొస్తోంది. మిగతావన్నీ దారికొచ్చాయి: పిక్కలు పట్టేయడం ఆగింది, ఒకప్పుడు బెణికిన కుడి చీలమండ ఇప్పుడు ఒంటికాలి మీద 25 సార్లు మడమ లేపినా ఓర్చుకుంటోంది.

కొలతలు చూద్దాం. పాదాల వెంట సుద్దగీతలు గీసి కొలిస్తే రెండింటి మధ్య కోణం 140 డిగ్రీలు. తర్వాత తుంటి బయటికి ఎంత తిరుగుతుందో. బోర్లా పడుకుని, మోకాలు 90 డిగ్రీలు మడిచి, పాదాన్ని రెండో కాలి వైపు వాల్చి, వాలు చూపే ఫోన్ యాప్‌ని కాలి ఎముకకు ఆనించాలి. కుడి 52, ఎడమ 41. నడుము కదలకముందే అంకె చూసుకోవాలి, లేదంటే ఎక్కువ చూపిస్తుంది. మొత్తం 93. అరమండిలో తుంటి కాస్త మడిచి ఉంటుంది కాబట్టి ఇంకొంత తిరగొచ్చు, కాలి ఎముకకు సహజంగా ఉండే మెలిక కొంత ఇస్తుంది. మిగిలిన లోటంతా మోకాలు మెలితిరిగి, అరికాలి వంపు కుంగి పూడ్చాల్సిందే.

పాదాల కోణం 110కి తగ్గించాక కుడి మోకాలి నొప్పి పోయింది. ఎడమది పోలేదు. పదికి లెక్కేస్తే మొదటి కాలంలో 1, రెండో కాలంలో 2, మూడో కాలంలో 5. మర్నాడు మెట్లు దిగేటప్పుడు కూడా తెలుస్తోంది. 3 లోపు ఉండి 24 గంటల్లో సర్దుకుంటే సాధన సాగించొచ్చు. 5 అంటే ఆపాల్సిందే.

ఎదురుగా ఫోన్ పెట్టి తీసిన వీడియోలో తట్టిమెట్టు అనే అడుగు వేగం పెరిగే కొద్దీ ఎడమ చిప్ప రెండో వేలి గీత నుంచి 4 సెం.మీ. లోపలికి జారుతోంది. మొదటి అనుమానం తుంటి పక్క కండరాలు అలిసిపోతున్నాయని. రెండోది, నాకు ఎక్కువ నమ్మకమున్నది: 110ని సమంగా పంచితే చెరో 55. కుడికి లోటు 3, ఎడమకి 14! మూడోది నేల. పజిల్ ఫోమ్ మ్యాట్ మెత్తగానే ఉంటుంది కానీ వట్టి పాదాన్ని పట్టేస్తుంది. పాదం జారకపోతే ఆ మెలిక నేరుగా మోకాలికే. చెక్క నేలకు సాటి లేదు.

సాగే టేపు చెమటకి ఊడిపోతోంది. సాగని లూకోటేప్‌తో చిప్పని లోపలి వైపు లాగి కట్టితే 5 కాస్తా 3 అయింది, అదీ టేపు ఉన్నంతసేపే. నొప్పి తెలియకుండా స్ప్రే కొట్టుకుని అడుగులు వేయడం నాకు అస్సలు ఇష్టం లేదు, హెచ్చరికే వినపడకుండా పోతుంది. వాపు వచ్చినా, మోకాలు ఇరుక్కుపోయినా, ఉన్నట్టుండి కూలబడినా ఈ ప్రయోగాలు మాని ఎముకల డాక్టరుకి చూపించాలి. మోకాలి కింద ముందువైపు ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి ఉన్నా అంతే, అక్కడ సన్నటి పగులు ఉండొచ్చు.

ఇక చేయబోయేది: ఎడమ పాదం 48కి, కుడిది 55కే. సౌష్ఠవం కొంచెం తగ్గుతుంది, తగ్గనీ. లోతు నాలుగు వేళ్ళు తక్కువ. గోడకి ఆని కుర్చీలో కూర్చున్నట్టు 45 సెకన్లు, ఐదుసార్లు. 15 సెం.మీ. మెట్టు మీంచి ఒంటికాలితో నెమ్మదిగా దిగడం ఎనిమిదేసి మూడు విడతలు, చిప్ప రెండో వేలి మీదే ఉండాలి. పక్కకి పడుకుని మోకాలు తెరిచే వ్యాయామానికి థెరాబ్యాండ్ (సాగే పట్టీ) ఎరుపు నుంచి ఇంకాస్త గట్టిదైన ఆకుపచ్చకి. మూడో కాలంలో నొప్పి 2కి దిగేదాకా ముళుమండి (పూర్తిగా కిందికి కూర్చునే భంగిమ) జోలికి వెళ్ళేది లేదు. ఆ తర్వాత మ్యాట్ తీసేసి చెక్క పలక మీద అదే జతి, అదే వేగంలో మళ్ళీ వీడియో తీసి ఆ 4 సెం.మీ. ఎంతకి తగ్గిందో కొలవాలి.