పరిగె ఏరుకొన్న చేతులకు దక్కిన బిరుదు

మన పెళ్లి ఆరాధనల్లో బైబిలులోని సామెతల గ్రంథం 31వ అధ్యాయం తరచుగా వినిపిస్తుంది. "గుణవతియైన భార్య దొరుకుట అరుదు" అని చదివి, పెళ్లికూతురికి అణకువ గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. హెబ్రీలో అక్కడున్నది అణకువ కాదు, ఏషెత్ హయిల్. ఏషెత్ అంటే స్త్రీ, భార్య. హయిల్ అంటే బలం, పరాక్రమం. సైన్యానికీ సంపదకూ కూడా అదే మాట. ఇశ్రాయేలీయులను సముద్రం దాకా తరిమిన ఫరో సేన కూడా హయిలే.

హెబ్రీ బైబిలులో పేరున్న స్త్రీలలో ఏషెత్ హయిల్ అనిపించుకున్నది రూతు ఒక్కతే, భర్త పోయాక అత్తగారితో ఉండిపోయిన మోయాబు స్త్రీ. "నీవు యోగ్యురాలవని నా జనులందరు ఎరుగుదురు" అంటాడు ఆమె పరిగె ఏరుకున్న పొలం యజమాని బోయజు (రూతు 3:11). అంతకుముందు 2:1లో బోయజును పరిచయం చేసిన మాటా ఇదే. అతని దగ్గర అది "ఆస్తిపరుడు" అయింది, ఆమె దగ్గర "యోగ్యురాలు" అయింది. అనువాదకులను తప్పుపట్టను, సందర్భానికి రెండూ తగినవే. కాకపోతే పొలం యజమానికీ, ఆ పొలంలో పరిగె ఏరుకొనే మోయాబు విధవరాలికీ గ్రంథం ఒకే బిరుదు ఇచ్చిందన్న సంగతి తెలుగులో మరుగున పడింది.

ఇంతకీ రూతు ఏ యుద్ధం గెలిచిందని? కోతలో రాలిన వెన్నులను బీదలకూ పరదేశులకూ వదలమన్నది ధర్మశాస్త్రం (లేవీయకాండము 19). ఆ వెన్నులను సాయంత్రం దాకా ఏరి, తానే దుళ్లకొట్టుకుంది. దాదాపు తూమెడు యవలయ్యాయి. మధ్యాహ్నం తిని మిగిల్చిన పేలాలు కూడా అత్తగారికి పట్టుకెళ్లింది. న్యాయాధిపతుల కాలపు గిద్యోను శత్రువులైన మిద్యానీయులకు భయపడి గానుగచాటున గోధుమలు దుళ్లకొట్టినప్పుడు హెబ్రీలో వాడిన క్రియ, రూతు పనికి వాడిన క్రియ ఒక్కటే. దేవదూత అతణ్ని "పరాక్రమముగల బలాఢ్యుడా" అని పిలిచాడు. అందులోనూ హయిల్ ఉంది. గిద్యోనుకు తర్వాత నిజంగానే యుద్ధం వచ్చింది. రూతుకు మాత్రం అత్తగారి ఆకలి తప్ప వేరే రణరంగం లేదు.

హబక్కూకు ప్రవక్త గ్రంథంలోని చివరి వచనాలను ఈ మాటతో మళ్లీ చదవండి. అంజూరం పూయదు, ద్రాక్ష ఫలించదు, ఒలీవ కాపు లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. బోయజును ఆస్తిపరుణ్ని చేసేలాంటి హయిల్ అంతా పోయింది. అక్కడ ప్రవక్త "ప్రభువగు యెహోవాయే నాకు బలము" అంటాడు. ఆ బలమూ హయిలే.