తల వంచి...

"యేసు ఆ చిరక పుచ్చుకొని, సమాప్తమైనదని చెప్పి తల వంచి ఆత్మను అప్పగించెను" (యోహాను 19:30).

గుడ్ ఫ్రైడే నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో ఆరో మాటగా దీన్ని ప్రతి ఏడూ వింటాం. ప్రసంగం అంతా "సమాప్తమైనది" మీదే సాగుతుంది, సాగాలి కూడా, అంత పెద్ద మాట అది. దాని పక్కనే ఉన్న "తల వంచి" దగ్గర మాత్రం నేను ఒక్కసారీ ఆగలేదు, జర్మనీలో కొలోన్ కెథడ్రల్‌కి వెళ్లేదాకా.

స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా కొండలా ఉంటుంది ఆ చర్చి. వచ్చినవాళ్లలో చాలామంది ముగ్గురు జ్ఞానుల బంగారు పేటిక చూడ్డానికో, 533 మెట్లెక్కి గోపురం మీదికి పోవడానికో హడావిడిగా ఉంటారు. ఉత్తరం వైపు ఒక పక్కగా గేరో సిలువ ఉంది. దాన్ని చేయించిన ఆర్చిబిషప్ గేరో 976లో చనిపోయాడు, అంటే వెయ్యేళ్లు దాటిపోయింది. ఇప్పుడున్న కట్టడానికి 1248లో పునాది వేశారు కాబట్టి ఈ సిలువ అంతకుముందు అక్కడున్న పాత చర్చిలోది. వెనకాల ఉన్న బంగారు కిరణాలు 1683 నాటివి, నాకైతే అవి కాస్త అడ్డే అనిపించాయి.

ఓక్ చెక్కతో చేసిన ప్రభువు రూపం, 187 సెంటీమీటర్లు, నిండు మనిషంత. ఆ కాలంలో సిలువ మీద ప్రభువును ఎక్కువగా కళ్లు తెరిచి, నిటారుగా, మరణాన్ని గెలిచిన రాజులా చూపించేవాళ్లు. దీన్ని చెక్కినాయన మాత్రం చనిపోయిన మనిషిని చెక్కాడు. కళ్లు మూసుకుపోయాయి, ఒంటి బరువుకి చేతులు సాగిపోయి చంకల దగ్గర కండరాలు లాగినట్టున్నాయి, పొట్ట ముందుకు జారింది. తల గుండెల మీదికి వాలిపోయింది.

ఆ తల చూడగానే నాన్న గుర్తొచ్చారు.

నాన్న ప్రభువునందు నిద్రించిన రాత్రి, ఆయన తల దిండు మీంచి పక్కకి వాలిపోతే నేనే ఎత్తి సరిచేశాను, మళ్లీ వాలింది, మళ్లీ ఎత్తాను. ప్రాణం పోయాక తల ఎంత బరువుంటుందో నా అరచేతికి తెలుసు. తెల్లారేసరికి వచ్చినవాళ్లందరూ "ఏడవకూడదమ్మా, ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు" అన్నారు. ప్రేమతోనే అన్నారు, అన్నది నిజమే కూడా. నేను ఏడవకుండా సమాధి కార్యక్రమం, ఆదరణ కూడిక, వచ్చినవాళ్ల భోజనాలు అన్నీ చూసుకున్నాను. మా సంఘంలో ఖాళీ సిలువే ఉంటుంది, ప్రభువు మూడో రోజున తిరిగి లేచాడు కాబట్టి. ఆ నమ్మకం మీదే నేను బతుకుతున్నాను. అయినా శుక్రవారం నుంచి ఆదివారానికి ఒక్క గంతు వేసేశానని కొలోన్‌లో అర్థమైంది. చాలాసేపు అక్కడే నిలబడి ఏడ్చాను, నాన్న పోయిన నాలుగేళ్లకి.

ఈ సిలువ గురించి థీట్‌మార్ అనే బిషప్ 11వ శతాబ్దంలో ఒక కథ రాసిపెట్టాడు. ప్రతిమ తలలో పగులు వచ్చిందట. గేరో ఆ పగులులో ప్రభువు బల్ల రొట్టెనీ, అసలు సిలువలోదని భావించిన చిన్న ముక్కనీ ఉంచి, నేల మీద సాగిలపడి ప్రార్థిస్తే అది మూసుకుపోయిందట. జరిగిందా లేదా అన్నది నాకు పెద్ద విషయం కాదు. పగిలిన ఆ తల ముందు ఒక ముసలి బిషప్ నేల మీద పడి ఉండటం, అదే నా కళ్ల ముందు నిలిచిపోయింది.

ఈ మధ్య యోహాను 19వ అధ్యాయం చదివినప్పుడు 30వ వచనం దగ్గర పుస్తకం మూయడం లేదు. 38 దాకా వెళ్తున్నాను, 40 దాకా. అరిమతయియ యోసేపు, నీకొదేము కలిసి యేసు దేహాన్ని ఎత్తుకొని సుగంధద్రవ్యాలతో నారబట్టలు చుట్టారని ఉంది. తలకి చుట్టేటప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరు దాన్ని అరచేతిలో పట్టుకొనే ఉంటారు.