ఇంట్లో సిస్టానికి ఏ యాంటీవైరస్ వేయించాలి అని అడిగేవాళ్ళ కోసం

జూన్ వచ్చి కాలేజీలు తెరిచారంటే చాలు, కావలిలో మా చుట్టాల్లో ఎవరో ఒకరు పిల్లలకి లాప్‌టాప్ కొంటారు, కొన్న సాయంత్రమే నాకు ఫోన్ చేసి "అబ్బయ్యా, షాపాయన యాంటీవైరస్ కూడా వేయించుకోమంటున్నాడు, ఏది వేయించమంటావ్" అని అడుగుతారు. నేను ఒంగోల్లో అకౌంట్స్ పని చేస్తా, పొద్దస్తమానం సిస్టం ముందే కాబట్టి వాళ్ళకి నేనే దొరుకుతా. ఫోన్లో హడావుడిగా చెప్తే సగం బుర్రకి ఎక్కదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు జవాబు చెప్పేస్తా. విండోస్ 11 ఉన్న ఇంటి సిస్టానికి డబ్బులు పెట్టి యాంటీవైరస్ కొనక్కర్లేదు. విండోస్‌తో పాటే డిఫెండర్ అని ఒకటి వస్తది, ఇంట్లో వాడకానికి అది సరిపోతది. ఆ డబ్బులు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మీద పెట్టండి, ఎందుకో కింద చెప్తా.

డిఫెండర్ అనగానే "అది ఉత్తదే, దాంతో ఏం అవుద్ది" అనేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. 2009లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని విడిగా ఫ్రీగా ఇచ్చారు, 2012లో విండోస్ 8తో దాన్నే డిఫెండర్ పేరుతో లోపలే పెట్టేశారు, ఆ రోజుల్లో టెస్టుల్లో దానికి మార్కులు తక్కువే వచ్చేవి. జనానికి ఆ పేరే గుర్తుండిపోయింది. ఇప్పుడు పరిస్థితి అది కాదు. జర్మనీలో ఏవీ-టెస్ట్ అని ఒక ల్యాబ్ ఉంది, వైరస్‌ని ఆపడానికి 6, సిస్టం స్లో చేయకుండా ఉన్నందుకు 6, మంచి ఫైళ్ళని వైరస్ అని పట్టుకోకుండా ఉన్నందుకు 6, మొత్తం 18కి మార్కులేస్తారు. కొన్నేళ్ళుగా డిఫెండర్ అక్కడ డబ్బులు పెట్టి కొనే వాటి పక్కనే నిలబడుతోంది. ఆస్ట్రియాలో ఏవీ-కంపారెటివ్స్ అని ఇంకో ల్యాబ్ ఉంది, రెండు చోట్లా రిజల్ట్స్ ఫ్రీగానే చూసుకోవచ్చు. షాపులో ఏ బాక్స్ మీద మార్జిన్ ఎక్కువో ఆ బాక్స్ గురించి చెప్పే మాటకంటే ఇవి నమ్మదగ్గవి.

కొత్త లాప్‌టాప్‌లో ఇంకో సంగతి. చాలా కంపెనీలు ముందే ఏదో ఒక యాంటీవైరస్ ట్రయల్ వేసి ఇస్తాయి. అది ఉన్నంతసేపు డిఫెండర్ పక్కకి తప్పుకుంటది. ట్రయల్ అయిపోయాక రోజూ రెన్యూవల్ చేయి, ప్రమాదంలో ఉన్నావ్ అని వస్తానే ఉంటది, పిల్లలు ఆ బాక్స్ మూసేసుకుంటా అట్టానే వాడేస్తుంటారు. కొనే ఉద్దేశం లేకపోతే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి ఒకసారి రీస్టార్ట్ కొట్టండి, డిఫెండర్ దానంతట అదే మళ్ళీ ఆన్ అవుద్ది. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేసి తెరిస్తే అన్నిటి మీదా పచ్చ టిక్కు ఉండాలి, అదే గుర్తు. రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు కాపలా అనుకుని వేయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు, ప్లీజ్ వద్దు, ఏ ఫైలు తెరిచినా రెండూ ఒకేసారి దాన్ని పట్టుకోబోతాయి, సిస్టం హ్యాంగ్ అవడం తప్ప ఒరిగేది ఏమీ ఉండదు.

అదే విండోస్ సెక్యూరిటీలో ఇంకోటి తప్పకుండా చూడమంటా, దీని గురించి ఎవరూ చెప్పరు. వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్ లోపల సెట్టింగ్స్, దాని అడుగున ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటది. అంటే వీటి జోలికి పోవద్దు అని యాంటీవైరస్‌కి మనం ఇచ్చే లిస్టు. బయట విండోస్ కొట్టించుకున్న సిస్టాల్లో చాలాసార్లు క్రాక్ విండోస్, అంటే లైసెన్స్ కొనకుండా వాడే దొంగ కాపీ, వేస్తారు, దాన్ని యాక్టివేట్ చేసే టూల్‌ని డిఫెండర్ పట్టుకుంటది కాబట్టి పట్టుకోకుండా ఉండేదానికి ఆ ఫోల్డర్‌ని ఈ లిస్టులో పెట్టేస్తారు. మొన్న మా పక్కింటి అమ్మాయి సిస్టం చూస్తే ఆ లిస్టులో సీ డ్రైవ్ మొత్తం ఉంది! పచ్చ టిక్కు పచ్చగానే ఉంది, స్కాన్ కొడితే ఏమీ లేదనే వస్తోంది, కానీ విండోస్ ఉన్న డ్రైవ్‌నే చూడకుండా వదిలేస్తోంది. ఆ లిస్టు తీసేసి ఫుల్ స్కాన్ పెడితే ప్రొటెక్షన్ హిస్టరీ పేజీ నిండిపోయింది. మీ ఇంట్లో సిస్టం తెరిచి ఇది ఒక్కటి చూడండి, లిస్టు ఖాళీగా ఉండాలి.

ఇక పెన్‌డ్రైవ్‌లు. మన దగ్గర హాల్‌టికెట్ ప్రింట్ కావాలన్నా, ఆధార్ కాపీ కావాలన్నా, అప్లికేషన్ పెట్టాలన్నా జెరాక్స్ షాపుకే పోవాలి, అక్కడ రోజుకి ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు పెడతారో చెప్పలేం. ఇంటికొచ్చి తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయి ఉంటాయి, ఐకాన్ మూలన చిన్న బాణం గుర్తు ఉంటది. లోపల జరిగేది ఏందంటే, అసలు ఫైళ్ళు యాడికీ పోవు, వాటిని దాచేసి అదే పేరుతో షార్ట్‌కట్ పెడతది, మనం దాని మీద నొక్కగానే ముందు వైరస్ స్క్రిప్ట్ నడిచి ఆ తర్వాత ఫోల్డర్ తెరుచుకుంటది, ఫోల్డర్ తెరుచుకుంది కదా అని మనకి అనుమానం కూడా రాదు. ఇట్టా అయితే కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి. షార్ట్‌కట్‌ల మీద నొక్కకుండా ముందు పెన్‌డ్రైవ్‌ని స్కాన్ చేయండి, తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ కనపడేట్టు పెట్టి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టం ఫైల్స్ దాచు అనే టిక్కు కూడా తీసేయండి, ఫైళ్ళు కొంచెం మసకగా కనపడతాయి. ఒక్కోసారి పేరే లేని ఫోల్డర్ ఒకటి ఉంటది, ఫైళ్ళన్నీ అందులో ఉంటాయి. వాటిని కాపీ చేసుకుని అప్పుడు పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసుకోవచ్చు. దీనికి డబ్బులు పెట్టి ఏదీ కొనాల్సిన పనిలేదు. కేంద్ర ప్రభుత్వం వాళ్ళది సైబర్ స్వచ్ఛతా కేంద్ర అని ఉంది, 2017లో మొదలుపెట్టారు, అందులో కూడా క్లీన్ చేసే టూల్స్ ఫ్రీగా దొరుకుతాయి.

నన్ను బాగా బాధపెట్టింది మాత్రం ఇంకోటి. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు చేసే తెలిసినాయన ఒకాయన ఉన్నాడు, మేత లెక్కలు, సీడ్ బిల్లులు, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నీ ఎక్సెల్‌లో రాసుకునేవాడు, ఇంట్లో పెళ్ళి ఫొటోలు కూడా అందులోనే. వాళ్ళ అబ్బాయి ఏదో గేమ్ క్రాక్ దించాడు, యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి అని అందులో రాసి ఉంటే ఆఫ్ చేశాడు. తెల్లారి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా తెలీని తోక ఒకటి తగిలించి ఉంది, ఏదీ తెరుచుకోవడం లేదు, ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ అని ఒక టెక్స్ట్ ఫైలు. తెరిస్తే 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపు మెయిల్ చేస్తే సగం, 490 డాలర్లు అని ఉంది. ఇట్టా ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్‌ని రాన్సమ్‌వేర్ అంటారు, దీని పేరు స్టాప్ లేదా డీజేవీయూ, క్రాక్ సాఫ్ట్‌వేర్ల ద్వారానే ఎక్కువ పాకుతది, దెబ్బ తినేది ఎక్కువగా ఇళ్ళల్లో వాళ్ళే. 2019 అక్టోబర్‌లో ఎమ్సీసాఫ్ట్ అనే కంపెనీ దీనికి ఫ్రీగా డీక్రిప్టర్, అంటే ఆ తాళం తీసే టూల్, ఇచ్చింది కానీ అది పాత రకాలకి బాగా పనిచేస్తది. కొత్త రకాల్లో ఒక్కో సిస్టానికి ఒక్కో కీ వాళ్ళ సర్వర్ నుంచి వస్తది, ఆ కీ లేకుండా తెరవడం ఎవరి వల్లా కాదు. ఆయన ఫైళ్ళు రాలేదు. డబ్బులు కట్టొద్దని నేను గట్టిగా చెప్పా, కట్టినా ఇస్తారన్న నమ్మకం ఏంది? ఆయన మళ్ళీ మేత కొట్టు బిల్లుబుక్కులన్నీ ముందేసుకుని మొదటి నుంచీ లెక్క రాసుకోవాల్సొచ్చింది, పెళ్ళి ఫొటోలు చుట్టాల వాట్సాప్‌లో ఉన్నయ్యే మిగిలాయి.

ఇట్టాంటప్పుడు ఎంత ఖరీదైన యాంటీవైరస్ అయినా మనమే ఆఫ్ చేస్తే ఏం చేస్తది. కాపాడేది బ్యాకప్ ఒక్కటే. కొన్నేళ్ళ రెన్యూవల్ డబ్బులతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ వస్తది, వారానికోసారి ఫొటోలూ లెక్కలూ అందులోకి కాపీ చేసి, కాపీ అయిపోగానే వైరు పీకేసి బీరువాలో పెట్టండి. పీకేయడం ముఖ్యం అండీ, తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా తాళం వేసేస్తది.

విండోస్ 10 వాడేవాళ్ళకి విడిగా చెప్పాలి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు అప్‌డేట్స్ ఆగిపోయాయి. ఇంకో ఏడాదికి, అంటే 2026 అక్టోబర్ దాకా, ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) అనే దాంట్లో రిజిస్టర్ చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇస్తారు. డిఫెండర్‌కి వైరస్ లిస్టులు 2028 అక్టోబర్ దాకా వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది, కానీ ఆ మాట విని ధీమాగా ఉండకండి. విండోస్‌లోనే ఉన్న కంత పూడ్చాల్సింది అప్‌డేటే, యాంటీవైరస్ కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చి ప్రపంచం మొత్తాన్ని గడగడలాడించింది, మన ఆంధ్రాలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కంత పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అదే ఏడు మార్చిలోనే ఇచ్చేసింది, అప్పటికి ఇంకా వాడకంలో ఉన్న విండోస్‌లన్నిటికీ. వేసుకున్న సిస్టాలకి ఏమీ కాలేదు. అందుకే అప్‌డేట్ అవుతోంది ఆగండి అని వచ్చినప్పుడు విసుక్కోకుండా అవనివ్వండి. సిస్టం 11కి సరిపోతే మార్చేయండి.

అట్టాగని కొనేవాళ్ళందరూ దండగ చేస్తున్నారని నేను అనను. కొట్టు నడిపేవాళ్ళకి, నాలుగైదు సిస్టాలు ఉన్నోళ్ళకి, ఏదన్నా అయితే ఫోన్ చేసి అడిగేదానికి ఒక మనిషి కావాలనుకునేవాళ్ళకి కొనడమే మంచిది. మన దేశంలోవే ఉన్నాయి, క్విక్ హీల్ పూణే వాళ్ళది, కే7 చెన్నై వాళ్ళది, 1991 నుంచీ ఉంది. కొంటే మాత్రం మొదటి ఏడాది ధర కాదు, రెండో ఏడాది రెన్యూవల్ ఎంతో చూసి కొనండి, కార్డు పెట్టి కొంటే ఆటో రెన్యూవల్ ఆఫ్ చేయండి. బయట ఫ్రీగా వచ్చేవాటిలో మంచివి లేవని కాదు కానీ అవాస్ట్ సంగతి తెలుసుకోండి, వాడేవాళ్ళు ఏ సైట్లు చూశారో ఆ వివరాలని జంప్‌షాట్ అనే తన అనుబంధ కంపెనీ ద్వారా అమ్మిందని 2020లో బయటపడింది, 2024లో అమెరికాలో 1.65 కోట్ల డాలర్లు కట్టాల్సొచ్చింది. కాపలా పెట్టుకున్నోడే మన సంగతులు బయట అమ్మితే ఎట్టా?

ఇంట్లో పెద్దవాళ్ళు వాడే సిస్టం అయితే అసలు భయం వైరస్ కాదు, వైరస్ ఉందని చెప్పే దొంగ బొమ్మ. స్క్రీన్ మొత్తం ఎర్రగా వచ్చి, బీప్ బీప్ అని మోగుతా, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని వస్తది. అది వట్టి వెబ్ పేజీ. ఆల్ట్ ఎఫ్4 నొక్కితే పోతది, పోకపోతే సిస్టం ఆఫ్ చేసేయండి. ఫోన్ చేశారంటే మాత్రం ఎనీడెస్క్ లాంటిది, అంటే దూరం నుంచే మన సిస్టం నడిపే యాప్, వేయించి బ్యాంకు దాకా వస్తారు. అట్టాగే కుడి పక్క కింద మూలలో మాటిమాటికీ "మీ యాంటీవైరస్ గడువు అయిపోయింది" అని వస్తా ఉంటే అది చాలాసార్లు క్రోమ్‌లో ఏదో సైటుకి అలో కొట్టినందువల్ల వచ్చే నోటిఫికేషన్, క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌లోకి పోయి తెలీని సైట్లన్నీ తీసేస్తే ఆగిపోతది. మా మామయ్య ఇది చూసి నెలల తరబడి సిస్టం ముట్టుకోడానికే భయపడ్డాడు, పాపం. పొరపాటున డబ్బులు పోయుంటే ఎవరేమనుకుంటారో అని ఆలోచించకుండా ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఎంత తొందరగా చేస్తే డబ్బులు ఆపడానికి అంత వీలు.

ఇవన్నీ చేశాక కూడా సిస్టంలో ఏదో తేడాగా ఉంది, అనుమానం పోవట్లేదు అనిపిస్తే అదే విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటది. పనంతా సేవ్ చేసుకుని అది పెట్టండి. సిస్టం రీస్టార్ట్ అయ్యి విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే వెతుకుతది కాబట్టి దాక్కున్నవి కూడా దొరుకుతాయి, 15 నిమిషాలు పడతది. లాప్‌టాప్ అయితే ఛార్జర్ తగిలించి పెట్టండి.