పానగల్ ఫొటోలకు రెండు కంప్యూటర్ల కాపలా

నల్లగొండలో మా మేడమీది గదిలో రెండు పాత డెస్క్‌టాప్‌లు పక్కపక్కన పెట్టుకుని నాలుగు ఆదివారాలుగా కూర్చుంటున్నాను. పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం శిల్పాలను ఏళ్ల తరబడి ఫొటోలు తీశాను. బంధుమిత్రులు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకునేలా వాటిని ఇంట్లోనే ఒక సర్వర్‌లో ఉంచాను. గత వేసవిలో దాని పవర్ సప్లై కాలిపోయి తొమ్మిది రోజులు అన్నీ మూతపడ్డాయి. ఒకటి పడిపోతే రెండోది వెంటనే అందుకోవాలన్న పట్టుదల అప్పుడే పుట్టింది.

రెండింటిలోనూ 8 జీబీ ర్యామ్, డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం. చిరునామాలు 192.168.1.21, 192.168.1.22. చూసేవారికి ఇచ్చేది మాత్రం మూడోది, 192.168.1.50. అది ఏ యంత్రానికీ సొంతం కాదు, ఆ పూట ఎవరు పని చేస్తుంటే వారి దగ్గర ఉంటుంది. ఛాయా సోమేశ్వరుడి గర్భగుడిలో పగలంతా నిలిచి ఉండే నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదంటారు. ఈ చిరునామా పెట్టుకున్నప్పుడు నాకు ఆ నీడే గుర్తొచ్చింది.

మొదటి ఆదివారం కోరోసింక్, పేస్‌మేకర్, పీసీఎస్ ఎక్కించాను. యంత్రాలు ఒకదాని క్షేమం ఒకటి కనుక్కునేది కోరోసింక్ ద్వారా. ఏ సేవ ఎక్కడ నడవాలో తేల్చేది పేస్‌మేకర్. ఇద్దరికీ ఆదేశాలు అందించేది పీసీఎస్. డెబియన్‌లో రెండు చిక్కులు ఎదురయ్యాయి. ప్యాకేజీతో పాటే ఒక నమూనా క్లస్టర్ (కలిసి పనిచేసే యంత్రాల జట్టు) తయారై ఉంటుంది, దాన్ని పీసీఎస్‌తో చెరిపేస్తే తప్ప కొత్తది కట్టనివ్వదు. రెండోది, పేర్లకు చిరునామాలు రాసి ఉండే హోస్ట్స్ ఫైల్లో యంత్రం పేరు 127.0.1.1కు, అంటే బయటికి కనిపించని సొంత చిరునామాకు ముడిపడి ఉంటుంది. ఆ వరుస తీసేసి అసలు చిరునామాలు రాసేవరకు రెండూ ఒకదానికొకటి కనిపించలేదు. సాయంత్రమంతా దీనికే పోయింది. ఫైర్‌వాల్ ఉన్నవారు టీసీపీ 2224, యూడీపీ 5405 పోర్టులు తెరవాలి.

రెండో వారం సులువుగా గడిచింది. 50తో ముగిసే చిరునామాను, ఫొటోలు చూపించే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌ను ఒకే గ్రూపులో పెట్టాను, ముందు చిరునామా, తర్వాత సర్వర్. ఎన్‌జిన్‌ఎక్స్ బూటింగ్‌లో తనంతట తాను మొదలవకుండా, సేవలను నడిపే సిస్టమ్‌డీలో ఆపేయాలి. దాన్ని లేపే అధికారం క్లస్టర్‌కే ఉండాలి. 21తో ముగిసే చిరునామా ఉన్న యంత్రం ప్లగ్గు పీకితే ఎనిమిది సెకన్లలో రెండోది, అంటే 22 అందుకుంది. ఇంట్లో అందరినీ పిలిచి మళ్లీ పీకి చూపించాను.

మూడో ఆదివారం ప్లగ్గుకు బదులు 21 నెట్‌వర్క్ కేబుల్ తీశాను. అసలు పాఠం అక్కడ మొదలైంది. 22 దృష్టిలో 21 చచ్చిపోయింది, 21 దృష్టిలో 22 చచ్చిపోయింది. రెండు యంత్రాల క్లస్టర్‌లో ఒంటరిగా మిగిలినదానికీ కోరం (పెత్తనానికి కావాల్సిన ఓట్ల బలం) ఉన్నట్టే లెక్క. చనిపోయిందనుకున్నదాన్ని నిజంగా ఆపేసే ఫెన్సింగ్‌ను నేను తొందరలో పనిచేయకుండా ఆపి ఉంచాను. దాంతో రెండూ 50వ చిరునామా తమదేనన్నాయి, ఒకే ఒరలో రెండు కత్తులు! ఆ కాసేపట్లో ఫోను నుంచి 22లోకి 40 ఫొటోలు ఎక్కించాను. కేబుల్ తిరిగి పెట్టగానే పెత్తనం 21కి వచ్చింది, పెత్తనం ఉన్నదాని ఫైళ్లను పావుగంటకోసారి రెండోదానికి కాపీ చేసే ఆర్‌సింక్ 21లో లేనివన్నీ 22లోనూ తుడిచేసింది. ఫోనులో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. తుడిచే ఆప్షన్‌ను అదే రాత్రి తీసేశాను.

కాబట్టి సేవను ఇటునుంచి అటు మార్చడం పెద్ద విషయం కాదు. అవతలిది నిజంగా ఆగిందని రూఢి చేసుకోవడంలోనే కష్టమంతా ఉంది. నా పాత డెస్క్‌టాప్‌లను దూరం నుంచి ఆపే సదుపాయం లేదు. అందుకే నాలుగో వారం అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్‌ప్‌బెర్రీ పైని పంచాయతీ పెద్దగా కూర్చోబెట్టాను. దాని మీద మూడో ఓటు వేసే కోరోసింక్ క్యూనెట్‌డీ నడుస్తుంది, టీసీపీ 5403 పోర్టులో. ఓట్లు మూడయ్యాయి, రెండు ఉన్నవారిదే పెత్తనం. రెండు డెస్క్‌టాప్‌లలోనూ ఇంటెల్ చిప్‌సెట్ వాచ్‌డాగ్‌ను (గడువులోగా పలకరింపు అందకపోతే యంత్రాన్ని రీబూట్ చేసే టైమర్) ఎస్‌బీడీ అనే ప్రోగ్రాంకు అప్పగించి, గడువు 5 సెకన్లు పెట్టాను. కోరం పోయిన యంత్రం తనను తానే రీబూట్ చేసుకుంటుంది. మిగిలినది 10 సెకన్లు ఆగి, ఆ తర్వాతే పని అందుకుంటుంది.

మళ్లీ కేబుల్ తీశాను. 21 రీబూట్ అయింది, ఇరవై సెకన్లకు 22లో ఫొటోలు తెరుచుకున్నాయి. ఎనిమిది సెకన్లు కాస్తా ఇరవై అయ్యాయని నాకేమీ బాధ లేదు. ఆరుసార్లు పరీక్షించాను, ఒక్కసారి కూడా 50వ చిరునామా రెండు చోట్ల కనిపించలేదు.

పైని, స్విచ్చిని, రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు మార్చాను. ఆర్‌సింక్ స్థానంలో, రెండు డిస్కులనూ ఎప్పటికప్పుడు ఒకేలా ఉంచే డీఆర్‌బీడీ పెట్టడం మిగిలింది. దానికి రెండు డిస్కుల్లోనూ 100 జీబీ విభాగం ఖాళీ చేసి ఉంచాను.